బడిలో మాత్రలు ఇచ్చే ముందు

అమ్మీ,

పత్తికొండ పక్కన బడిలో చేరిన నెలకే పిల్లల మందుల పని నీ మీద పెట్టారని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత టీచరు నువ్వే అని వీధంతా చెప్పుకున్నాను, కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

నులిపురుగుల మాత్ర గురించి ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10, అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, నీ ఎదురుగానే నమిలి తినాలి. ఒళ్లు బాగాలేని పిల్లలకు ఆ రోజు వద్దు. ఐరన్ మాత్ర మధ్యాహ్నం అన్నం తిన్నాకే. పరగడుపున ఇస్తే ఒకడు కక్కుకుంటాడు, వాణ్ని చూసి పదిమంది కక్కుకుంటారు. దొడ్డికి నల్లగా అవుతుందని ముందే చెప్పు, లేకుంటే తెల్లారేసరికి అవ్వలందరూ బడి గేటు దగ్గరుంటారు.

నా భయం వీటి గురించి కాదు, ఇంటి నుంచి వచ్చే మాత్రల గురించి.

నేను ఆలూరు వైపు పనిచేసేటప్పుడు నాలుగో తరగతిలో ఇద్దరు పిల్లలకు మద్దిలేటి స్వామి పేరే. ఒకడికి ఫిట్స్. వాళ్లమ్మా నాయనా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతే, అవ్వ కొంగు ముడి విప్పి కాగితంలో చుట్టిన మాత్రలు నా చేతిలో పెట్టి, మధ్యాహ్నం ఒకటి ఇయ్యి తల్లీ అంది. పేరు లేదు, చీటీ లేదు. అయినా తీసుకున్నాను. ముసలామెను మళ్లీ అంతదూరం ఏం తిప్పుతాం అనుకున్నాను, అదీ నా జాలి! మూడో రోజు మీటింగుకు పోతూ, మద్దిలేటికి ఇవ్వమని ఏడో తరగతి పిల్లకు చెప్పాను. ఆ పిల్ల పేరు పెట్టి పిలిచింది, రెండోవాడు వచ్చి మింగాడు. నేను వచ్చేసరికి వాడు బెంచీ మీద తూలుతున్నాడు, లేపితే కాళ్లు నిలవట్లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే, ఏం మాత్ర మింగాడు అని డాక్టరు అడిగాడు. నాకు తెలియదు అమ్మీ. చేతిలో తెల్ల మాత్ర ఉంది, దాని పేరు తెలియదు. వాడు రాత్రికి తేరుకున్నాడు. ఆ హడావిడిలో అసలు పిల్లవాడి మాత్ర ఎవరికీ గుర్తులేదు, సాయంత్రం వాడికి ఇంటి దగ్గర ఫిట్స్ వచ్చింది. ఆ అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

అందుకే చెప్తున్నాను, విడి మాత్ర తీసుకోవద్దు. పేరు కనిపించే షీటు, డాక్టరు చీటీ, ఇంట్లోవాళ్ల సంతకమో వేలిముద్రో ఉండాలి. నువ్వు పేరు చెప్పి అవునా అని అడగొద్దు, ఏ పిల్లవాడైనా తల ఊపుతాడు, వాడి పేరు, నాయన పేరు వాడి నోటితోనే చెప్పించు. మింగాక టైం రాసుకో, ముందే రాసిపెట్టుకోవద్దు. నువ్వు సెలవు పెడితే ఇంకో టీచరుకు పుస్తకంతో సహా అప్పజెప్పు, పిల్లలకు కాదు. బీరువాకు తాళం వెయ్యి, ఆయాసం పిల్లల ఇన్‌హేలర్ మాత్రం అందుబాటులో ఉంచు. తలనొప్పి అన్నవాడికి నీ బ్యాగులో మాత్ర తీసి ఇచ్చావంటే నేనే వచ్చి నీ చెవి మెలేస్తాను.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో నీళ్లు కూడా పోయొద్దు. ఊళ్లోవాళ్లు తాళంచెవులు పట్టుకొస్తారు, పట్టించుకోవద్దు. 5 నిమిషాలు దాటితే 108.

అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి, నేను చేసిన చెనిక్కాయల పొడి మీ నాయనతో పంపిస్తున్నాను. పుస్తకంలో మొదటి పేజీకి గీతలు నేనే కొట్టాను. పొద్దున ఏమన్నా తిని పో.

మీ అత్త