తుడిస్తే పలుకుతాయి, పది రోజులకు మళ్లీ అదే: పాత సింథసైజర్‌లో మొరాయించే కీస్

మీ 1980ల నాటి 61 కీస్ సింథసైజర్‌లో మధ్యనున్న కొన్ని కీస్ పలకడం లేదనీ, విప్పి రబ్బరు కాంటాక్టులు (కీ నొక్కితే కింద బోర్డుకి తగిలే రబ్బరు బొడిపెలు) తుడిస్తే పది రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తోందనీ రాశారు. కీబెడ్ (కీస్, వాటి కింది కాంటాక్టులు ఉండే భాగం) మొత్తం మార్చేయాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. ఇదే సమస్యతో నేను దాదాపు ఏడాది కుస్తీ పట్టాను. నాలుగుసార్లు తుడిచాను, కొత్త రబ్బరు స్ట్రిప్పులు కూడా వేశాను. అసలు తప్పు అక్కడ లేనే లేదు.

ముందుగా ఒక కాగితం తీసుకుని, ఎడమ చివరి కీ నుంచి లెక్కపెడుతూ పలకని కీస్ నంబర్లు రాయండి. నేను ఈ పని మొదటిరోజే చేసి ఉంటే ఏడాది కలిసొచ్చేది. నా దాంట్లో పలకనివి మధ్య సి (కీబోర్డు నడిమి ప్రాంతంలోని సి స్వరం) నుంచి దానిపైనున్న జి వరకు, నల్లవీ తెల్లవీ కలిపి వరుసగా ఎనిమిది. జవాబు ఆ ఎనిమిదిలోనే ఉంది.

కీబోర్డులో ఒక్కో కీకి విడిగా ఒక వైరు ప్రాసెసర్ దాకా లాగరు. చాలా మోడళ్లలో ఎనిమిదేసి కీస్‌ని ఒక గుంపు చేసి, అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది లైన్లతో వల అల్లుతారు. 64 కూడళ్లు వస్తాయి, 61 కీస్‌కి అవి చాలు. ప్రాసెసర్ ఒక్కో గుంపునీ వంతులవారీగా పలకరిస్తూ, ఏ కీ నొక్కి ఉందో చూసుకుంటుంది. మధ్య సి 25వ కీ. 25 నుంచి 32 వరకు సరిగ్గా నాలుగో గుంపు. పక్కనున్న 24, 33 చక్కగా పలుకుతుంటే, నడుమ ఎనిమిదింటికి మాత్రమే ఒకేసారి మురికి పట్టడం జరిగే పని కాదు. ఆ గుంపు లైను ఎక్కడో తెగుతోందన్నమాట.

మీ జాబితాలో ప్రతి ఎనిమిదో కీ, అంటే 3, 11, 19, 27 లాంటి వరుస వస్తే, తెగింది రెండోవైపు లైను, అంటే ప్రతి గుంపులోనూ అదే స్థానంలో ఉన్న కీస్‌ని కలిపేది. ఒకే ఒక్క కీ మొరాయిస్తుంటే లేదా ఎంత మెల్లగా నొక్కినా ఒకే బలంతో మోగుతుంటే, అప్పుడు రబ్బరు కాంటాక్టుని అనుమానించాలి, లేదా ఆ కీకి సంబంధించిన డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) దగ్గర డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతకని టంకం, ఉందేమో చూడాలి. రబ్బరు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్ల చాలు. గరుకు కాగితం మాత్రం పెట్టకండి, నల్లటి కార్బన్ పొర ఊడిపోతుంది.

మరి తుడిచిన ప్రతిసారీ ఎందుకు బాగయింది? నన్ను ఎక్కువ తికమకపెట్టింది ఇదే. ఐదోసారి విప్పినప్పుడు ఏమీ తుడవకుండా, కీబెడ్ నుంచి మెయిన్ బోర్డుకి వెళ్లే రిబ్బన్ కేబుల్ కనెక్టర్‌ని ఒకసారి తీసి మళ్లీ పెట్టాను. ఎనిమిదీ పలికాయి. అంటే ఇన్నాళ్లూ పనిచేసింది నా తుడవడం కాదు, కీబెడ్ పైకెత్తినప్పుడల్లా ఆ కేబుల్ కదలడం.

దొరికిందనుకుని కనెక్టర్‌కి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మూసేశాను. రెండు నెలలు బాగా నడిచింది, మళ్లీ అవే ఎనిమిది. అప్పుడు మాత్రం నిజంగా నీరసం వచ్చింది. ఆ వాయిద్యంలో తీగవాద్యాల్లా సాగే ప్యాడ్ శబ్దం నాకు ప్రాణం, దాన్ని అటక మీద పడేయడానికి చేతులు రాలేదు. బోర్డు మొత్తం బయటికి తీసి భూతద్దంతో చూస్తే, కనెక్టర్ పిన్ను మొదట్లో పచ్చటి చార, దానికి కాస్త దూరంలో మెమరీ బ్యాటరీ (పవర్ లేనప్పుడు సౌండ్లని నిలిపి ఉంచేది), దాని కాళ్ల చుట్టూ తెల్లటి పొడి. నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి, ఆ క్షారం బోర్డు మీది ఆకుపచ్చ పూత కిందినుంచి రాగి ట్రాక్ (వైరులా పనిచేసే సన్నటి రాగి గీత) వెంబడి పాకింది. ట్రాక్ పూర్తిగా తెగలేదు. దారి కలిసి ఉందో లేదో చూడటానికి మల్టీమీటర్ పెడితే బీప్ వస్తుంది, చెక్క పుల్లతో బోర్డుని కాస్త నొక్కితే పోతుంది. కేబుల్ కదిపినప్పుడల్లా బోర్డు ఒత్తిడి మారి, చిట్లిన రాగి తాత్కాలికంగా కలుస్తోంది.

బాగుచేసిన తీరు చెబుతాను. బ్యాటరీ తీసే ముందు మీ సౌండ్లు సేవ్ చేసుకోండి. 1983 తర్వాతి వాటిలో చాలావరకు మిడి (వాయిద్యాలనీ కంప్యూటర్‌నీ కలిపే పద్ధతి) ద్వారా సిసెక్స్‌గా, అంటే ఆ వాయిద్యం సొంత డేటా రూపంలో, పంపుకోవచ్చు, కొన్నిట్లో క్యాసెట్ అవుట్‌పుట్ ఉంటుంది. బ్యాటరీ తీశాక మెమరీలో ఏమీ మిగలదు. నేను బ్యాటరీ ఊడదీసి, తెల్ల వినిగర్‌లో ముంచిన బ్రష్‌తో ఆ భాగం రుద్దాను. క్షారాన్ని విరవడానికి ఆమ్లం కావాలి, ఒట్టి ఆల్కహాల్ ఆ పని చేయదు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, ఆపైన ఆల్కహాల్‌తో కడిగి ఒక రోజంతా ఆరనిచ్చాను. పాడైన చోట పూతని గీకుతూ పోయాను, నల్లబడ్డ రాగి పోయి మెరిసే రాగి కనిపించేదాకా. ఆ ట్రాక్‌ని నమ్మకుండా, ఐసీ (బోర్డు మీది చిప్) పిన్ను నుంచి కనెక్టర్ పిన్ను దాకా ట్రాక్‌కి బదులుగా సన్నటి జంపర్ వైరు వేసి, కనెక్టర్ కూడా కొత్తది పెట్టాను.

బ్యాటరీ విషయంలో ఒక్క జాగ్రత్త, దయచేసి దాటేయకండి. నికెల్ కాడ్మియం చోట మామూలు లిథియం నాణెం సెల్ నేరుగా పెట్టకూడదు. బోర్డు దాన్ని ఛార్జ్ చేయబోతుంది, సెల్ పగిలే ప్రమాదం ఉంది. ఛార్జింగ్ దారిని డయోడ్‌తో అడ్డుకోవాలి. నేను షాట్కీ డయోడ్ వేశాను, దాని మీద వోల్టేజి తక్కువ పోతుంది. సెల్‌ని కూడా హోల్డర్‌లో పెట్టి, బోర్డుకి దూరంగా వైర్లతో బిగించాను. ఇక కారినా బోర్డు మీద పడదు.

ఇదంతా చేసేటప్పుడు పవర్ ప్లగ్గు తీసేసి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు కానీ, ప్లగ్గు తీశాక కూడా పవర్ సప్లై పెద్ద కెపాసిటర్లలో కాసేపు ఛార్జ్ నిలిచి ఉంటుంది. ఆ వైపు వేలు పెట్టకండి.

నాది ఇలా బాగుచేసి రెండేళ్లు దాటింది, ఆ ఎనిమిదీ ఒక్కసారి కూడా మానలేదు. మీ కీస్ జాబితా, బ్యాటరీ చుట్టూ బోర్డు ఎలా ఉందో దగ్గరగా తీసిన ఫోటో పెట్టండి. ఏ లైనులో తేడా ఉందో కలిసి చూద్దాం.