అన్నీ ఒకే కార్లయితే పోటీ ఎక్కడ?

ప్రశ్న: 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల పందెం చూశాను. రంగులు పక్కన పెడితే కార్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. నిజంగా అన్నీ ఒకటేనా? అలాగైతే గెలుపోటములను తేల్చేదేమిటి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు గమనించింది నిజమే గాని, పైతొడుగు, చట్రం, బ్యాటరీల వరకే. 2014 సెప్టెంబరు 13న బీజింగ్‌లో ఈ సిరీస్ మొదలైనప్పుడు మాత్రం పది జట్లూ అచ్చంగా ఒకే కారును నడిపాయి. స్పార్క్ సంస్థ కూర్చిన ఆ కారుకు చట్రం దల్లారాది, మోటారు మెక్‌లారెన్‌ది, బ్యాటరీ విలియమ్స్‌ది. ఆ బ్యాటరీలో వాడుకోదగిన 28 కిలోవాట్ గంటల శక్తి పందెం ముగిసేదాకా సరిపోదు కనుక, ఒక్కో డ్రైవరుకు రెండేసి కార్లు ఇచ్చారు. సగం పందెం కాగానే డ్రైవరు గ్యారేజీలోకి వచ్చి, బెల్టులు విప్పుకొని, పక్కనే సిద్ధంగా ఉన్న రెండో కారులోకి దూరి, మళ్లీ బెల్టులు బిగించుకొని బయల్దేరేవాడు. ఎలక్ట్రిక్ కారు గొప్పను చాటే పందెంలో ఈ తంతు కాస్త నవ్వు తెప్పించే మాట వాస్తవమే.

కార్లు ఒకటే కావడం వల్ల పోటీ చప్పబడలేదు. బీజింగ్‌లో చివరి ల్యాపు ఆఖరి మలుపు దగ్గర, ముందున్న నికోలస్ ప్రోస్ట్, అతణ్ని దాటబోయిన నిక్ హైడ్‌ఫెల్డ్ ఢీకొని ఇద్దరూ పోటీ నుంచి తప్పుకోగా, వెనక వస్తున్న లూకాస్ డి గ్రాసీని విజయం వరించింది. మహీంద్రా జట్టు తరఫున మన కరుణ్ చందోక్ అయిదో స్థానంలో నిలిచాడు. ఆ సీజను టైటిల్ ఒకే ఒక్క పాయింటు తేడాతో నెల్సన్ పికే జూనియర్‌కు దక్కింది.

రెండో సీజను నుంచి మోటారు, ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే పరికరం), గేర్‌బాక్సు సొంతంగా తయారు చేసుకునే వీలిచ్చి, చట్రాన్నీ బ్యాటరీనీ ఉమ్మడిగానే ఉంచారు. 2018 చివర్లో రెండో తరం కారు రావడంతో బ్యాటరీ సామర్థ్యం దాదాపు రెట్టింపై, కారు మార్చే పని తప్పింది.

హైదరాబాదులో మీరు చూసినది మూడో తరం కారు. దాని వెనక చక్రాలను తిప్పే వ్యవస్థ, దాన్ని నియంత్రించే సాఫ్ట్‌వేర్ కంపెనీకొక తీరుగా ఉంటాయి. వేగం తగ్గించేటప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతాయి కనుక, ఎవరెంత పొదుపుగా నడిపారన్నదే అసలు పోటీ. అయితే పొదుపొక్కటే చాలదు: ఆ రోజు జాన్-ఎరిక్ వెర్న్ గెలిచింది, తనకన్నా ఎక్కువ ఛార్జి మిగుల్చుకొని వెంటపడిన నిక్ కాసిడీని గీత దాటేదాకా ముందుకు పోనివ్వకుండా నిలువరించడం వల్లనే.