కొట్టు పెట్టబోతున్న మాధవికి

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

కాకినాడలో మహిళా కళాశాల ఎదురుగా టీ కొట్టు పెడుతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగం చేసి దాచుకున్న డబ్బుతో, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా పెడుతున్నావని విని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. మన ఇంట్లో ఒక ఆడపిల్ల సొంత గల్లాపెట్టె ముందు కూర్చోవడం ఇదే మొదలు. ఆ సంబరంలో ఉండగానే మీ అమ్మ, బోర్డు మీద నువ్వు రాయించబోయే మాటలు చదివింది. "షుగరు తగ్గును, కొవ్వు కరుగును, క్యాన్సర్ దరిచేరదు." అందుకే ఈ ఉత్తరం.

ఆహార భద్రత శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకో, మంచినీళ్లే వాడు, గ్యాసు గొట్టం ఆరు నెలలకోసారి చూపించు. ఇవి నీకు తెలిసినవే.

బోర్డు సంగతి మాత్రం తెలుసుకొని తీరాలి. టీలో మేలు లేదని నేననను. గ్రీన్ టీ అయినా మనం మరిగించుకునే టీపొడి అయినా ఒకే మొక్క ఆకు. పచ్చి ఆకులో కాటెకిన్లు అనే పదార్థాలు ఎక్కువ. నలిపి గాలి తగలనిస్తే అవే చాలావరకు వేరే పదార్థాలుగా మారి ఆ ఎర్రటి రంగు వస్తుంది. బ్రిటన్‌లో సుమారు 5 లక్షల మందిని పదేళ్లకు పైగా గమనించి 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. రోజుకు రెండు కప్పులు, అంతకు మించి తాగేవారిలో మరణాల ముప్పు, అసలు తాగనివారితో పోలిస్తే 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. మంచి కబురే. కానీ అది తాగేవారి అలవాట్లు రాసుకొని లెక్క కట్టిన పని. ఆ మేలు టీ వల్లే జరిగిందని దానితో తేలదు. జబ్బు నయమవుతుందని అందులో ఎక్కడా లేదు.

పైగా నువ్వు అమ్మేది పాలు, చక్కెర వేసి మరిగించిన టీ. గ్లాసుకు రెండు చెంచాల చక్కెర అంటే దాదాపు 10 గ్రాములు. మూడు గ్లాసులు తాగితే 30. రోజుకు 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గ్లాసు మీద "షుగరు తగ్గును" అని రాస్తావా? నీ బోర్డు నమ్మి మాత్రలు మానేసే అమాయకుడు ఒక్కడైనా ఉంటాడు. కాలి మీద పుండు మానక, ఆఖరికి కాలే పోగొట్టుకున్నవారికి నేను ఏళ్ల తరబడి కట్లు కట్టాను తల్లీ. షుగరు, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం కూడా. చట్టం లేకపోయినా ఆ మాట రాయవద్దనే అంటాను. బరువు తగ్గిస్తాయని చెప్పి అమ్మే గ్రీన్ టీ సారం మాత్రలైతే కొట్టు గడప తొక్కనివ్వకు. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది.

ఇక నా అసలు భయం చెబుతాను. నీ పుట్టుకకు ముందు సంగతి ఇది, మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

నువ్వు కడుపులో ఉండగా మీ అమ్మ ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. నేను అప్పట్లో ఏజెన్సీలో నర్సుగా చేస్తూ సెలవు పెట్టి వెళ్లాను. రెండు మెట్లెక్కితే ఆయాసం, కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. కొంగున ముడిబియ్యం మూటగట్టుకొని దొంగచాటుగా నములుతోంది. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లు అలా చేస్తారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7 దగ్గర ఉంది. ఐరన్ మాత్రలు వేసుకోవడం లేదేమోనని కోప్పడ్డాను. డబ్బా తెచ్చి చూపించింది, రోజూ వేసుకుంటూనే ఉంది. మరి ఆ ఇనుమంతా ఎటు పోతోంది?

మర్నాడు మధ్యాహ్నం తెలిసింది. తోటకూర పప్పుతో అన్నం తిని, మాత్ర మింగి, తుప్పు వాసనకు వాంతి వస్తుందని వెంటనే చిక్కటి టీ తాగింది. ఆ టీ పెట్టి ఇచ్చింది మీ అమ్మమ్మే. "నోరు బాగుంటుందమ్మా, తాగు" అని గ్లాసు చల్లార్చి మరీ చేతికిచ్చింది. రెండు పూటలా ఇదే తంతు. మాత్ర ఇచ్చిన ఆసుపత్రిలో తిన్నాక వేసుకోమన్నారే గాని, టీతో వద్దని ఎవరూ చెప్పలేదు.

నేను వాదించలేదు. పాలు పోయని డికాక్షన్ ఒక గాజు గ్లాసులో పోసి, మాత్ర పొడి చేసి అందులో వేసి తిప్పాను. ఎర్రటి డికాక్షన్ చూస్తుండగానే నల్లబడింది. వెనకటికి కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా చేసేవారు. ఇదీ అదే. వగరు ఇనుమును పట్టేసుకుంటుంది, పట్టుకున్నదాన్ని పేగు పీల్చుకోలేదు. మాత్రలోని ఇనుమూ తోటకూరలోని ఇనుమూ చాలావరకు అలాగే బయటికి పోతున్నాయి. అమ్మమ్మ ఆ గ్లాసు చూసి "నా చేతులతోనే చేశానా" అని కూలబడింది. ఆమెను ఓదార్చడం మీ అమ్మకు వైద్యం చేయడం కన్నా కష్టమైంది.

ఆ రోజు నుంచి మాత్ర రాత్రి నిమ్మరసం నీళ్లతో, టీ సాయంత్రం నాలుగింటికి. రోజూ ఒక జామకాయ. పురిటినాటికి హిమోగ్లోబిన్ 9 దాటింది. అయినా నాకు ధైర్యం చాలక ఒక సీసా రక్తం సిద్ధంగా పెట్టించాను. దాని అవసరం పడలేదు. నువ్వు గట్టిగా ఏడుస్తూ పుట్టావు.

ఇప్పుడు నీ కొట్టు ఎక్కడ పెడుతున్నావో చూడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పొద్దున టిఫిన్ తినకుండా వచ్చి, టీ, బన్నుతో సరిపెట్టే పిల్లలు, క్యారేజీ మూత పెట్టగానే గ్లాసు అందుకునే పిల్లలు, వాళ్లే నీ గిరాకీ. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ వద్దని మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో స్పష్టంగా చెప్పింది. ఆ మాట బోర్డు మీద రాయించు. మధ్యాహ్నం బేరం పోతుందని బెంగపడకు. ఆ వేళకు నిమ్మరసం, జామకాయ ముక్కలు అమ్ము, నిమ్మలోనూ జామలోనూ ఉన్న విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. గర్భిణి వస్తే రోజుకు ఎన్ని గ్లాసులు తాగుతోందో అడుగు. నీకెందుకు అంటుందేమో, అయినా అడుగు.

టీ అంటే నాకు కోపమని అనుకునేవు. రాత్రి డ్యూటీలో మూడింటివేళ వార్డు ఆయా తెచ్చే అల్లం టీ లేకపోతే నేను తెల్లవారేదాకా నిలబడగలిగేదాన్ని కాదు. ఒళ్లు అదరకుండా కళ్లు తెరిపించే గుణం దానిది. అదే గుణం రాత్రి పదింటికి పరీక్షల పిల్లల నిద్ర పాడుచేస్తుంది కాబట్టి పొద్దుపోయాక టీ అమ్మవద్దు.

పొయ్యి మీంచి దించినదాన్ని పొగలు కక్కుతుండగా చేతికివ్వకు. 65 డిగ్రీలు దాటిన వేడివేడి పానీయాలు అన్నవాహికకు చేటని, క్యాన్సర్‌కు దారితీయవచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. కాగితం కప్పులు కొనకు. వేడి టీ పావుగంట అందులో ఉంటే లోపలి ప్లాస్టిక్ పూత నుంచి వేల కొద్దీ రేణువులు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీవాళ్లు చూపించారు. గాజు గ్లాసులు కొను, కడిగే మనిషికి జీతం నేనిస్తాను. చవగ్గా వచ్చే విడి టీపొడిని తడి వడపోత కాగితం మీద చల్లి చూడు, రంగు మరకలు దిగితే ఆ కొట్టుకు మళ్లీ వెళ్లకు.

బోర్డు రాసేవాడికి బయానా ఇచ్చే ముందు మాటలన్నీ నాకు పంపు, దిద్ది పంపుతాను. ప్రారంభం నాటికి నేనూ మీ పెదనాన్నా వస్తున్నాం. ఆయన గ్లాసులో చక్కెర వేయకు, ఎంత బతిమాలినా సరే.

మీ పెద్దమ్మ