బైక్‌కి కొత్త బ్యాటరీ వేసినా ఛార్జింగ్ లైట్ వచ్చిపోతోందా?

గతుకుల్లో వెలిగి, కాసేపటికి దానంతటదే ఆరిపోతోందంటే ముందు అనుమానించాల్సింది స్టేటర్ (ఇంజిన్ దగ్గర కరెంటు పుట్టించే తీగచుట్ట) నుంచి రెగ్యులేటర్‌కి (ఆ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చే భాగం) వెళ్ళే తీగల కనెక్టర్‌ని. రెగ్యులేటర్ అప్పుడే కొనకండి.

1. కనెక్టర్ ఊడదీయండి. పిన్ నల్లబడినా, ప్లాస్టిక్ కరిగినా దొరికినట్టే.

2. కనెక్టర్ తిరిగి పెట్టి, ఇంజిన్ 4000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉండగా మల్టీమీటర్‌తో కొలిస్తే బ్యాటరీపై దాదాపు 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి.

3. చాలామంది వదిలేసేది ఇదే. హెడ్‌లైట్ వేసి, ఇంజిన్ అదే వేగంలో ఉండగా మీటర్ ఒక కొన రెగ్యులేటర్ పాజిటివ్ తీగకు, రెండోది బ్యాటరీ పాజిటివ్‌కి ఆనించండి. 0.2 వోల్టుల లోపే ఉండాలి. రెగ్యులేటర్ ఎర్త్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి కూడా అంతే. కొలుస్తూనే తీగలు కదపండి. అంకె ఎగిరిన చోటే లోపం.

కాలిన పిన్ గీకి మళ్ళీ వాడొద్దు. పట్టు వదులైపోయి ఉంటుంది, తిరిగి వేడెక్కుతుంది. కొత్త టెర్మినల్ (తీగ కొసన ఉండే పిన్) క్రింప్ చేయించండి, అంటే తీగకు నొక్కి బిగించమనండి.