ప్రాధాన్యం ఎక్కువైనా టాస్కు ఎందుకు ఆగుతుంది?

భీమవరం దగ్గరి రొయ్యల చెరువులో ఏరేటర్లను (నీటికి గాలి అందించే యంత్రాలను) నడిపే ఫ్రీఆర్‌టీఓఎస్ (చిన్న కంట్రోలర్లలో పనులను ప్రాధాన్యం ప్రకారం నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) బోర్డులో, ఆక్సిజన్ కొలిచే టాస్కుకు (ప్రోగ్రాంలో విడిగా నడిచే పనికి) అత్యధిక ప్రాధాన్యం ఇచ్చినా అది ఆలస్యమవుతోందని అడిగారు (తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటే వేళ ఇది చిన్న విషయం కాదు).

దీనిని ప్రాధాన్య విలోమం అంటారు. రీడింగులను మెమరీ కార్డులో రాసే దిగువ ప్రాధాన్యపు టాస్కు, రీడింగులను తాత్కాలికంగా ఉంచే బఫరు తాళాన్ని (ఒకసారికి ఒక్క టాస్కే బఫరును వాడేలా చూసే ఏర్పాటును) పట్టుకొని ఉండగా, ఆ తాళంతో పనే లేని మధ్యస్థాయి డిస్‌ప్లే టాస్కు దానిని పక్కకు నెట్టి ప్రాసెసర్‌ను ఆక్రమిస్తుంది. తాళం విడుదల కాక, దాని కోసమే వేచి ఉన్న పై టాస్కు (ఆక్సిజన్ కొలిచేది) నిలిచిపోతుంది. 1997లో అంగారకుడిపై నాసా నౌక పాత్‌ఫైండర్ పదేపదే రీసెట్ అయిందీ ఇందువల్లనే.

తాళానికి బైనరీ సెమాఫోర్ (ప్రాధాన్య వారసత్వం లేని సాధారణ సంకేత సాధనం) వాడి ఉంటే మ్యూటెక్స్‌కు (తాళం కోసమే ఉన్న సాధనానికి) మారండి. అందులో ప్రాధాన్య వారసత్వం ఉన్నందున, పై టాస్కు వేచి ఉన్నంతసేపూ తాళం పట్టుకున్న టాస్కు ఆ ప్రాధాన్యంతోనే నడుస్తుంది. అయితే తాళం చేతిలో ఉంచుకొని కార్డులో రాయడమే అసలు తప్పని నా అభిప్రాయం. విలువను కాపీ చేసుకొని, తాళం వదిలి, ఆ తర్వాతే రాయాలి. మ్యూటెక్స్‌ను ఇంటరప్ట్ రొటీన్‌లో (హార్డ్‌వేర్ సంకేతం రాగానే నడుస్తున్న పనిని ఆపి నడిచే కోడ్‌లో) మాత్రం వాడకూడదు.