78 శాతం నాపా ద్రాక్ష ఉంటే లేబుల్ మీద ‘నాపా వ్యాలీ’ అని వేయవచ్చా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది గుంటూరు జిల్లా. ఇరవై ఏళ్ళుగా కాలిఫోర్నియాలో ఉద్యోగం, గ్రీన్‌కార్డు ఉంది. నాన్నగారు పోయాక ఆయన పేరుతో ఒక వైన్ తేవాలనిపించింది. వరసకు బావ అయ్యే ఒకాయన బల్క్ వైన్ (సీసాల్లో నింపకుండా టోకున అమ్మే వైన్) వ్యాపారం చేస్తారు. ‘పక్కా నాపా వ్యాలీ సరుకు, కళ్ళు మూసుకుని లేబుల్ వేసుకో’ అని వాట్సాప్‌లో రాస్తే నమ్మాను. గ్యాలన్ 22 డాలర్ల లెక్కన 600 గ్యాలన్ల 2022 కాబర్నే (ఆ పేరు గల ద్రాక్ష రకంతో చేసే ఎర్ర వైన్) కొన్నాను. 13,200 డాలర్లు మా ఎల్‌ఎల్‌సీ (మా పేరున పెట్టుకున్న చిన్న కంపెనీ) ఖాతా నుంచి ఆయన కంపెనీకి వెళ్ళాయి. 2023 మార్చి 9న సరుకు కాలిఫోర్నియాలోనే ఉన్న లోడైలో మేం అద్దెకు మాట్లాడుకున్న వైనరీకి (వైన్ తయారీ కేంద్రానికి) చేరింది. పది పీపాల్లో ఉంచి 2024 ఆగస్టులో బాటిళ్ళలోకి ఎక్కించారు. 245 కేసులు (సీసాల పెట్టెలు) వచ్చాయి, 38 అమ్మాం. ఇప్పుడు వైనరీ వాళ్ళు మిగతా సరుకు ఆపేశారు. సరుకుతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ కాగితంలో నాపా 78 శాతం, లోడై 22 శాతం అని ఉందట. 75 దాటితే చాలని నేను చదివాను. బావగారేమో 90 శాతం అని కొత్త కాగితం తెప్పిస్తానంటున్నారు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలు. బావగారు దగా చేశారా, వైనరీ వాళ్ళు కక్ష కట్టారా అన్నవి తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది ఆ సీసాలో నాపా ద్రాక్ష ఎంత శాతం, దాన్ని చూపే కాగితం ఏది అన్నదే. మీ కేసంతా దాని మీదే నిలబడుతుంది.

మీరు చదివిన 75 నిజమే, కానీ అది మీ లేబుల్‌కు వర్తించదు. ‘నాపా వ్యాలీ’ అనేది ఫెడరల్ ప్రభుత్వం హద్దులు గీసి 1981లో గుర్తించిన ద్రాక్ష ప్రాంతం. ఇలాంటి ప్రాంతాలను ఏవీఏ అంటారు. ఏవీఏ పేరు వేయాలంటే వైన్‌లో కనీసం 85 శాతం ఆ హద్దుల్లో పండిన ద్రాక్షదే కావాలి. 75 శాతం నియమం కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరుకు, రాష్ట్రం పేరుకు, ద్రాక్ష రకం పేరుకు వర్తిస్తుంది. సంవత్సరం వేయడంలోనూ ఇదే తేడా ఉంది. ఏవీఏ పేరు పక్కన 2022 అని వేస్తే 95 శాతం ఆ ఏటి పంట కావాలి, కౌంటీ పేరు పక్కనైతే 85 చాలు. మీ దగ్గర ఉన్నది 78. కాబట్టి ‘నాపా వ్యాలీ’ అన్న లేబుల్ మొదటి రోజు నుంచే చెల్లదు. వైనరీ సరుకు ఆపడం సబబే. ఆపకపోతే వాళ్ళ పర్మిట్‌కే ముప్పు.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అనక తప్పదు. ఆ ట్రాన్స్‌ఫర్ కాగితం సరుకు వచ్చిన రోజే మీ మెయిల్‌కు కూడా వచ్చిందని మీరే జత చేసి పంపారు. ఒక్క పేజీ. అందులో 78/22 అని స్పష్టంగా ఉంది. ఆ పేజీ తెరవకుండా 13,200 డాలర్ల సరుకుకు వాట్సాప్ మాట మీద లేబుల్ అచ్చు వేయించారు. ఇల్లు కొన్నప్పుడు దస్తావేజు చదవకుండా సంతకం పెట్టారా? ఆ పేజీని కోర్టులో ఎదుటి పక్షం మీ మీదే వాడుతుంది, ఎలాగో కింద చెబుతాను.

ఇప్పుడు దారి చూద్దాం. ‘నాపా కౌంటీ’ అని వేసుకునే వీలుందా? దానికి 75 శాతం చాలు కాబట్టి 78తో గట్టెక్కినట్టే అనిపిస్తుంది. తొందరపడకండి. 78 అనేది పీపాల్లోకి పోసిన నాటి లెక్క. ఆ తర్వాత 17 నెలలు వైన్ పీపాల్లో ఉంది. చెక్క పీపాలోంచి వైన్ నిత్యం కొంత ఆవిరవుతుంది. ఖాళీ ఏర్పడితే గాలి చేరి వైన్ పులిసిపోతుంది కనుక ఎప్పటికప్పుడు వేరే వైన్‌తో నింపుతారు. దీన్నే టాపింగ్ అంటారు. ఏడాదికి పీపాకు రెండు మూడు గ్యాలన్ల తరుగు మామూలే. మీవి పది పీపాలు, అదీ ఏడాదిన్నర. లోడై వైనరీ ఏ వైన్‌తో నింపి ఉంటుంది? మీరు ప్రత్యేకంగా నాపా వైన్ ఇచ్చి దాంతోనే నింపమని చెప్పి ఉంటే తప్ప, వాళ్ళ దగ్గరున్న లోడై వైన్‌తోనే.

లెక్క వేసి చూడండి. 600 గ్యాలన్లలో 78 శాతం అంటే 468 గ్యాలన్ల నాపా. ‘నాపా కౌంటీ’ అనాలంటే 450 మిగలాలి. ఆవిరయ్యే ప్రతి గ్యాలన్‌తో 0.78 గ్యాలన్ నాపా పోతుంది, దాని చోట వచ్చేది మొత్తం లోడై. సుమారు 23 గ్యాలన్లు టాపింగ్ అయ్యేసరికి మీరు సరిగ్గా 75 గీత మీద ఉంటారు. 30 గ్యాలన్లు పోసి ఉంటే 74 దగ్గర, గీత కింద. అందుకే ఈ వారమే వైనరీ నుంచి మీరు రాతపూర్వకంగా అడగాల్సింది పీపాల వారీ టాపింగ్ రికార్డు. ఏ తేదీన, ఎన్ని గ్యాలన్లు, ఏ ట్యాంకు నుంచి, ఆ ట్యాంకులోది ఏ కౌంటీ ద్రాక్ష, ఏ ఏటి పంట అన్నీ అందులో కనబడాలి. లేబుల్ మీద వేసిన ప్రతి మాటకూ ఆధారం చూపే రికార్డులు ఉంచుకోవడం బాటిల్ చేసిన వైనరీ బాధ్యత. వాటిని కనీసం మూడేళ్ళు దాచాలి. మూడేళ్ళు దాటాక పారేశామంటే మీరు చేయగలిగింది తక్కువ, ఆలస్యం చేయకండి.

రికార్డు మీద 75 తగ్గకుండా తేలితే ‘నాపా కౌంటీ, కాబర్నే సొవిన్యోన్, 2022’ అని కొత్త లేబుల్ వేసుకోవచ్చు. ఒక షరతు ఉంది. రకం పేరు వేస్తున్నారు కనుక ఆ 75 శాతం కాబర్నే అయి ఉండాలి, అదీ నాపా కౌంటీలో పండినదే కావాలి. నాపా భాగంలో మెర్లో లాంటి వేరే ద్రాక్ష రకం కలిసి ఉంటే లెక్క తప్పుతుంది. అమ్మిన కంపెనీ దగ్గర ద్రాక్ష తూకం చీటీలు, అంటే కాటా మాస్టర్ ఇచ్చే సర్టిఫికెట్లు ఉంటాయి, వాటి నకళ్ళు అడగండి. రకం, తోట, తేదీ, బరువు వాటి మీద ఉంటాయి.

75 కన్నా తగ్గితే? చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి ఉంది. ఒకే రాష్ట్రంలోని రెండు లేదా మూడు కౌంటీల పేర్లు కలిపి వేయవచ్చు. ద్రాక్ష మొత్తం ఆ కౌంటీలదే కావాలి, ఏ కౌంటీది ఎంత శాతమో లేబుల్ మీదే అచ్చు వేయాలి, రెండు శాతం అటూ ఇటూ అయినా సహిస్తారు. ‘నాపా కౌంటీ 74%, శాన్ హోకిన్ కౌంటీ 26%’ అన్నట్టుగా. కానీ లోడై ప్రాంతం శాన్ హోకిన్, శాక్రమెంటో రెండు కౌంటీల్లోనూ పరుచుకుని ఉంది. మీ 22 శాతం, ఆ టాపింగ్ వైన్ ఏ కౌంటీవో కాగితం చెప్పాలి. అదీ తేలకపోతే ‘కాలిఫోర్నియా’ అని వేసుకోవడమే. ఫెడరల్ నియమం ప్రకారం రాష్ట్రం పేరుకు 75 శాతం చాలు గానీ కాలిఫోర్నియా పేరు వాడాలంటే ఆ రాష్ట్ర చట్టం ద్రాక్ష నూటికి నూరు పాళ్ళు అక్కడిదే కావాలంటుంది. మీకు ఆ ఇబ్బంది లేదు. నాన్నగారి పేరు ఏ లేబుల్ మీదైనా అలాగే ఉంటుంది, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

పాత లేబుల్ ఆమోదం మీద ప్రాంతం పేరు మార్చుకోవడం కుదరదు. వైన్ లేబుళ్ళు చూసే ఫెడరల్ సంస్థ టీటీబీ నుంచి కొత్త ఆమోదం తీసుకోవాలి. దరఖాస్తు పెట్టాల్సింది బాటిల్ చేసిన వైనరీ. ఆమోదం రాకముందు ఒక్క సీసా మీద కూడా లేబుల్ మార్చకండి. లేబుల్ మార్చే పని మీ గరాజ్‌లో జరగకూడదు, వైనరీ ఆవరణలోనే, వాళ్ళ చేతుల మీదుగా, ఎన్ని కేసులు ఏ రోజు మార్చారో రాసుకుంటూ జరగాలి.

మీరు అడగని తప్పు ఇంకొకటి మీ లేబుల్ ఫొటోలో కనబడింది. వెనకవైపు ‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ అని లోడై చిరునామా వేశారు. ‘ప్రొడ్యూస్డ్’ అన్న మాటకు చట్టంలో అర్థం ఉంది. ఆ వైన్‌లో కనీసం 75 శాతం అక్కడే పులియబెట్టి ఉండాలి. మీది పులిసి, తయారై వచ్చిన వైన్. ‘సెల్లార్డ్ అండ్ బాటిల్డ్ బై’ అనాలి, లేదా ఉత్త ‘బాటిల్డ్ బై’ అనాలి. ఎలాగూ కొత్త లేబుల్ వేస్తున్నారు, ఇదీ సరిచేయండి. లేకపోతే రెండోసారి ఖర్చు.

నాణ్యత సంగతి. మీ ల్యాబ్ రిపోర్టులో ఆల్కహాల్ 15.3, లేబుల్ మీద 14.5. పద్నాలుగు దాటిన వైన్‌కు ఒక శాతం తేడా చెల్లుతుంది, బాధ లేదు. ‘కంటెయిన్స్ సల్ఫైట్స్’ అని వేశారు, సరే. వెనిగర్ పులుపు, అంటే వోలటైల్ ఎసిడిటీ, లీటరుకు 1.15 గ్రాములు ఉంది. ఎర్ర వైన్‌కు ఫెడరల్ హద్దు 1.4, కాలిఫోర్నియా హద్దు 1.2. లోపలే ఉన్నారు గానీ అంచున. పైగా ఆ రిపోర్టు బాటిలింగ్‌కు నాలుగు నెలల ముందుది. రెండు వేర్వేరు కేసుల నుంచి సీసాలు తీసి మళ్ళీ పరీక్ష చేయించండి. 1.2 దాటితే లేబుల్ ఎంత బాగున్నా ఆ సరుకు కాలిఫోర్నియాలో అమ్మకూడదు.

ఇక బావగారి ‘90 శాతం’ కాగితం. అది ముట్టుకోకండి. ఆయనతో ఫోన్‌లో ‘సరే చూద్దాం’ అని కూడా అనకండి. పాత తేదీతో కొత్త కాగితం పుట్టించి టీటీబీ ముందు పెడితే అది ఫెడరల్ ప్రభుత్వానికి అబద్ధం చెప్పడం. దానికి అయిదేళ్ళ వరకు జైలు. అసలు కాగితం నకళ్ళు అమ్మిన కంపెనీ దగ్గర, లోడై వైనరీ దగ్గర, మీ మెయిల్‌లో ఉన్నాయి. దొరక్కుండా పోయే మార్గమే లేదు. గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి మోసం కేసులో శిక్ష పడితే దేశంలో ఉండే హక్కుకే ఎసరు రావచ్చు. ఈరోజు మీది నిర్లక్ష్యంతో జరిగిన లేబుల్ తప్పు. ఇలాంటివాటిని డబ్బు కట్టి రాజీ చేసుకునే పద్ధతి టీటీబీ దగ్గర ఉంది. ఆ కాగితం వాడిన మరుక్షణం అది నేరం అవుతుంది. టాపింగ్ రికార్డులో ‘కాస్త సర్దమని’ వైనరీ కుర్రాళ్ళను అడగడమూ ఇదే కోవలోకి వస్తుంది. మిగిలిన కేసులు తెలుగు సంఘం వేడుకకు పంచేద్దామన్న ఆలోచన ఉంటే అదీ మానుకోండి. ఆ సీసాలు వైనరీ గడప దాటడమే తప్పు.

బావగారి మీద దావా సంగతి. ఇన్‌వాయిస్ ఆయన కంపెనీ పేరు మీదే ఉంది కనుక చట్టం దృష్టిలో అమ్మినది ఆ కంపెనీయే, ఆ మేరకు మీ నెత్తిన పాలు పోసినట్టే. ‘పక్కా నాపా వ్యాలీ సరుకు’ అన్న వాట్సాప్ మాట సరుకు గురించి ఇచ్చిన హామీ. హామీ తప్పినందుకు సరుకు చేతికొచ్చిన రోజు నుంచి నాలుగేళ్ళలోగా దావా వేయాలి, అంటే 2027 మార్చి 8 దాటకూడదు. మోసం అని వేస్తే గడువు మూడేళ్ళే. మోసం తెలిసిన రోజు నుంచి అని చట్టం చెబుతుంది గానీ, నిజం రాసి ఉన్న కాగితం 2023 మార్చి 9నే మీ మెయిల్‌లో ఉందని, గడువు ఆ రోజే మొదలైందని ఎదుటి పక్షం వాదిస్తుంది. ఇందాక అన్న ‘ఒక్క పేజీ’ మీకు ఎదురు తిరిగేది ఇక్కడే. అందుకే మోసం మాట పక్కన పెట్టి హామీ మీదే నిలబడండి. సరుకు వెనక్కి ఇస్తానంటే కుదరదు, బాటిళ్ళలోకి ఎక్కించాక దాని రూపం మారిపోయింది. నాపా వ్యాలీ సరుకు ధరకూ, మీకు వచ్చిన సరుకు ధరకూ మధ్య తేడా, లేబుల్ మార్పు ఖర్చు అడగవచ్చు.

వీటన్నిటికీ ముందు ఒక పని ఉంది. హామీ తప్పిందని తెలిశాక తగిన సమయంలో అమ్మినవారికి తెలియజేయకపోతే ఏ పరిహారమూ రాదు. బంధుత్వం చెడుతుందని ఇప్పటిదాకా ఊరుకున్నానని రాశారు, ఇక ఊరుకోవద్దు. ఆయన కంపెనీ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో, మెయిల్‌లో కూడా, ఒక పేజీ నోటీసు పంపండి. కొన్న తేదీ, పరిమాణం, వాట్సాప్ వాక్యం యథాతథంగా, కాగితంలోని 78/22, హామీ తప్పిందన్న మాట, అంతే. తిట్లు, నాన్నగారి ప్రస్తావన వద్దు. వాట్సాప్ సంభాషణను మొత్తంగా ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి, ఒక్క స్క్రీన్‌షాట్ సరిపోదు. చిన్న దావాల కోర్టుకు వెళ్దామనుకుంటే, మీరు కొన్నది ఎల్‌ఎల్‌సీ పేరు మీద కనుక అక్కడ 6,250 డాలర్ల వరకే. వ్యక్తిగా కొని ఉంటే 12,500 దాకా అడగగలిగేవారు. అంతకు మించి అడగాలంటే మామూలు సివిల్ కోర్టు, అక్కడ ఎల్‌ఎల్‌సీ తరఫున లాయరు ఉండి తీరాలి.

అమ్మిన 38 కేసుల జాబితా తయారు చేసుకోండి. మీ వెబ్‌సైట్‌లో ‘నాపా వ్యాలీ’ అన్న మాట ఈ రాత్రికే తీసేయండి, ప్రకటన కూడా లేబుల్ లాగే లెక్క. కొన్నవారికి లేబుల్‌లో ప్రాంతం తప్పుగా పడిందని రాసి, డబ్బు వాపసు గానీ కొత్త లేబుల్ సీసా గానీ ఇస్తామనండి. వైనరీతో మీరు చేసుకున్న ఒప్పందం నాకు పంపలేదు. అందులో లేబుల్ తప్పుకు నష్టం ఎవరు భరించాలన్న క్లాజు ఉంటుంది, అది చూడకుండా వాళ్ళకు ఏ ఖర్చూ ఒప్పుకోకండి. తప్పు పేరు చెప్పింది మీరే అయినా ఆ ట్రాన్స్‌ఫర్ కాగితం వాళ్ళ దగ్గరా ఉంది, దరఖాస్తు పెట్టిందీ వాళ్ళే. ఒప్పందం, టాపింగ్ రికార్డు, కొత్త ల్యాబ్ రిపోర్టు ఈ మూడూ చేతికొచ్చాక మళ్ళీ రాయండి.