మొలక శాతం వేరు, ఆరోగ్యం వేరు
విత్తన సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడ్చల్ దగ్గర మాకు చిన్న కూరగాయ విత్తనాల కంపెనీ ఉంది. ఆస్ట్రేలియా నుంచి మొదటిసారి ఆర్డరు వచ్చింది. పుచ్చ, టమాటా హైబ్రిడ్లు అడిగారు. మా లాట్లకు (ఒకే దఫాగా కట్టిన విత్తనానికి) ఇస్టా, అంటే అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం, నారింజ సర్టిఫికెట్ ఉంది, మొలక 94 శాతం. అయినా వైరస్ పరీక్షలు, ఫైటో కావాలంటున్నారు. పుచ్చ గింజలకు ఇప్పటికే మందు పట్టించి రంగు వేశాం. ఇప్పుడేమి చేయాలి?

జవాబు: మీ నారింజ సర్టిఫికెట్‌కు విలువ ఉంది. కానీ అది మొలక గురించి, స్వచ్ఛత గురించి చెప్పే కాగితం. కొనుగోలుదారు అడుగుతున్నది రోగం గురించి. వైరస్ అంటిన గింజ కూడా చక్కగా మొలకెత్తుతుంది, మొలక పరీక్షలో దాన్ని ఎవరూ పట్టుకోలేరు. విత్తన ఆరోగ్య పరీక్షాశాలలో పనిచేసిన రోజుల్లో నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఫైటో, అంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వానికి ఇచ్చే మాట. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం దీనికి ఆధారం. మన దేశంలో కేంద్ర వ్యవసాయ శాఖ పరిధిలోని మొక్కల క్వారంటైన్ అధికారులు ఆన్‌లైన్ దరఖాస్తు తీసుకుని, సరుకు తనిఖీ చేసి దీన్ని ఇస్తారు. అందులో ఏమి రాయాలో నిర్ణయించేది మాత్రం కొనే దేశం. ‘ఫలానా వైరస్‌కు పరీక్షించాం, కనిపించలేదు’ అని ఆ దేశం కోరిన వాక్యాన్నే అధికారి అదనపు ప్రకటనగా రాస్తారు. మాట తేడా వస్తే సరుకు రేవులో ఆగిపోతుంది. ఆస్ట్రేలియా తన షరతులన్నీ ‘బైకాన్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఉంచుతుంది. పంట శాస్త్రీయ నామంతో వెతికి, ఈరోజు అమల్లో ఉన్న షరతును అచ్చు తీసుకుని అధికారికి చూపండి. పోయిన ఏడాది స్నేహితుడు పంపిన పద్ధతిని నమ్ముకోవద్దు.

పుచ్చ విషయంలో వాళ్ల పట్టుదలకు కారణం ఉంది. 2014లో ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీ పుచ్చతోటల్లో కుకుంబర్ గ్రీన్ మాటిల్ మొజాయిక్ వైరస్ బయటపడింది. అది గింజతో వస్తుంది, తర్వాత చేతులతో, కత్తులతో, నేలతో వ్యాపిస్తుంది. మన సొరలో కూడా ఉండే వైరస్ ఇది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం పుచ్చ, దోస జాతి విత్తనాలకు లాటుకు 9,400 గింజల పరీక్ష పెట్టింది. టమాటాలో పోస్పివైరాయిడ్ల (వైరస్‌కన్నా చిన్న రోగకారకాల) కోసం 20,000 గింజలు అడుగుతూ వచ్చింది. లాటు చిన్నదైతే ఆ లాటు గింజల్లో ఐదో వంతు. పరీక్ష ఇక్కడ చేయించుకోవచ్చు, సరుకు అక్కడికి చేరాక వాళ్లయినా చేస్తారు. ఇక్కడ చేయిస్తే మాత్రం వాళ్లు ఒప్పుకునే ల్యాబే కావాలి.

ఇన్ని గింజలా అని మీకు అనిపించవచ్చు. లెక్క చూడండి. వెయ్యి గింజల్లో ఒకదానికి రోగం ఉందనుకుందాం. మొలక పరీక్షలో వాడే 400 గింజలే తీసుకుంటే ఆ రోగపు గింజ నమూనాలో పడే అవకాశం మూడింట ఒక వంతు మాత్రమే. 3,000 తీసుకుంటే 95 శాతం. రోగం అంతకన్నా అరుదైతే నమూనా ఇంకా పెరగాలి. వంద ఎకరాల తోటకు నిప్పు పెట్టడానికి ఒక్క గింజ చాలు కాబట్టి ఈ సంఖ్యలు నాకు న్యాయంగానే కనిపిస్తాయి. పరీక్షించిన గింజలను పిండి చేసేస్తారు, తిరిగి రావు. హైబ్రిడ్ గింజ ధరను బట్టి ఆ నష్టాన్ని ముందే కొటేషన్‌లో కలుపుకోండి.

ఇక మందు పట్టించిన లాటు. వైరస్ పరీక్షలు చాలావరకు మందు తగలని గింజల కోసం రూపొందినవి. మందు పూత ఫలితాన్ని తారుమారు చేయగలదు. అదే లాటులో పూత లేని గింజలు మిగిలి ఉంటే వాటి నమూనా ఇవ్వండి. లేకపోతే ఆ లాటును మన దేశంలోనే అమ్ముకుని, వేరే లాటు ఎంచుకోవడం మేలు. ఇకపై ముందు నమూనా, తర్వాతే మందు. కొన్ని దేశాలు కొన్ని రోగాలకు పంట పొలంలో ఉన్నప్పుడే అధికారి చూసి ఉండాలని కోరతాయి. కోత అయ్యాక ఆ మాట ఎవరూ రాసివ్వలేరు. అందుకే వచ్చే సీజన్‌లో నారు పోయకముందే కొనే దేశం ఏదో తేల్చుకోండి.

గోదాము గురించి ఒక్క మాట. మట్టి, ఆకు ముక్కలు, కలుపు గింజలు ఉండకూడదు. సంచులు కొత్తవే వాడండి. నిల్వ గింజలను తినే ఖాప్రా పురుగు ఒక్కటి కనిపించినా ఆస్ట్రేలియా ఊరుకోదు.

ప్రశ్న: కంపెనీకి టమాటా హైబ్రిడ్ విత్తనం పండిస్తున్నాను. క్రాసింగ్ (చేత్తో పరాగసంపర్కం) చేసే కూలీలను పొగాకు నమలవద్దని, గంటగంటకూ చేతులు కడుక్కోవాలని సూపర్‌వైజరు పట్టుబడుతున్నాడు. పని సాగడం లేదు. ఇది అవసరమా? – కర్నూలు జిల్లా రైతు

జవాబు: అవసరమే. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ వేళ్ల మీదుగా పువ్వుకు చేరుతుంది. దాని బంధువే టమాటా బ్రౌన్ రుగోస్ వైరస్. 2014-15లో ఇజ్రాయెల్, జోర్డాన్‌లలో బయటపడింది. పాత వైరస్‌లను తట్టుకున్న రకాలను కూడా ఇది లొంగదీసింది. 2019లో అమెరికా, యూరప్ టమాటా, మిరప విత్తనాలపై ప్రత్యేక షరతులు పెట్టింది దీనివల్లనే. క్రాసింగ్‌లో ప్రతి పువ్వునూ చేత్తో ముట్టుకుంటారు కాబట్టి ఒక రోగపు మొక్క నుంచి సాలు మొత్తానికి అంటుతుంది. సబ్బు, లేదా వెన్న తీసిన పాలపొడి కలిపిన నీళ్లు బాగా పనిచేస్తాయి. కడుక్కునే సమయానికి కూడా కూలి కట్టివ్వమని కంపెనీని అడగండి. అది మీ హక్కు. రోగనిరోధక జాగ్రత్త ఖర్చు రైతు ఒక్కడి మీదే పడకూడదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి పెరట్లో వేసుకోవడానికి సొర, బీర, టమాటా, తూటికూర గింజలు అడిగింది. కొరియర్‌లో పంపవచ్చా? – ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఊరికే కవరులో పెట్టి పంపవద్దమ్మా. అమ్మాయి అక్కడి వ్యవసాయ శాఖ నుంచి ‘చిన్న మొత్తం విత్తనాల’ పర్మిట్ తీసుకోవాలి. దానికి రుసుము లేదు. పర్మిట్ ఉంటే ఫైటో అక్కర్లేదు. ఒక్కో పొట్లంలో ఒకే రకం, 50 గింజలు లేదా 10 గ్రాములు మించకూడదు. ఒక పార్సిల్‌లో 50 పొట్లాల వరకే. మందు పట్టించినవి పనికిరావు. ప్రతి పొట్లం మీద శాస్త్రీయ నామం, దేశం పేరు, పంపినవారి పేరు ఉండాలి. సొరకు లాజినేరియా సిసెరేరియా, బీరకు లుఫా అక్యుటాంగులా అని రాయండి. అమ్మాయికి వచ్చే లేబుల్ అంటిస్తే పార్సిల్ ముందు తనిఖీ కేంద్రానికి వెళ్లి, అక్కడి నుంచి ఇంటికి చేరుతుంది. టమాటాకు పైన చెప్పిన వైరస్ షరతులు ఉన్నాయి, మానేయండి. తూటికూరను అక్కడ హానికర కలుపు మొక్కల జాబితాలో పెట్టారు, అదీ వద్దు. సొర, బీర ఆమె పర్మిట్ షరతులకు సరిపోతాయో లేదో చూసుకున్నాకే పొట్లాలు కట్టండి.